మందు ఉచితమే, మకాం ఎక్కడ?



బ్లడ్ క్యాన్సర్ వచ్చిన పిల్లల్ని గిరిజనులు వైద్యం మధ్యలో ఇంటికి తీసుకుపోతారనీ, అవగాహన లేకే అలా చేస్తారనీ అంటుంటారు. ఇదే జబ్బు వచ్చిన మా చెల్లెలి కూతురికి విశాఖ ఆసుపత్రిలో తోడున్నవాణ్ణి కనుక ఒప్పుకోలేను. రక్తకణాల కౌంట్ ఎంత పడిందో, వెన్ను ఇంజెక్షన్ ఏ రోజో ఆ పిల్లల తల్లులు నోటికి చెబుతారు. రాత్రికి ఎక్కడ పడుకోవాలో మాత్రం వాళ్ళకి తెలియదు.

పిల్లల్లో ఎక్కువగా కనిపించే లుకేమియాకు చికిత్స రెండు మూడేళ్ళు సాగుతుంది. మొదటి నెలల్లో గట్టి మందులు పడతాయి. తెల్లకణాలు తగ్గినప్పుడు జ్వరమొస్తే గంటలోపే యాంటీబయాటిక్ ఎక్కించాలి. బొర్రా నుంచి విశాఖ సుమారు 90 కిలోమీటర్లు. కిరండూల్ ప్యాసింజర్ రైలు దాటిపోతే ఘాట్ రోడ్డే గతి. రోడ్డు లేని గూడెమైతే ముందు డోలీ కట్టాలి. అందుకే డిశ్చార్జి చేసినా "దగ్గర్లోనే ఉండండి" అంటారు. దగ్గర్లో అద్దెగదికి అడ్వాన్సు కావాలి. జుట్టు రాలిన పిల్లను చూసి తలుపేసుకునేవాళ్ళూ ఉన్నారు. పిల్లకు బయటి తిండి పెట్టకూడదు, లాడ్జిలో పొయ్యి వెలిగించకూడదు. మా చెల్లెలు కరెంటు కెటిల్లో చోడంబలి కాచేది, వాసన వరండాలోకి పోకుండా తలుపు కింద తువ్వాలు కుక్కి. కాఫీ పండ్లు కోతకొచ్చేసరికి బావ కొండెక్కక తప్పలేదు. ఏడాది రాబడి అదే మరి.

ఇక మందు సంగతి. ఈ జబ్బును తొలిసారి వెనక్కి నెట్టిన మందు అమినోప్టెరిన్. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం అమెరికాలో దాన్ని తయారుచేస్తే, బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ పిల్లలకు వాడి 1948లో ఫలితాలు ప్రకటించాడు. అప్పటికి దక్కింది కొద్ది నెలల ఊరటే. దాని తమ్ముడులాంటి మెథోట్రెక్సేట్ మాత్ర మా మేనకోడలు ఇప్పుడు వారం వారం మింగుతోంది. మంచి వైద్యం అందే దేశాల్లో ఇవాళ పదిమందిలో ఎనిమిది తొమ్మిదిమంది పిల్లలు బతుకుతున్నారు, కోర్సు పూర్తిచేస్తే.

ఉచిత వైద్యానికి ఎన్టీఆర్ వైద్యసేవ ఉంది, అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా ఆసుపత్రి ఉంది, కాదనను. సేవాసంస్థల గదులూ ఉన్నాయి, దొరికినవాళ్ళకి. నేనడిగేది ఒక్కటే. పాడేరు సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) విశాఖలో ఆసుపత్రి దగ్గర ఒక ఇల్లు తీసుకుని కుటుంబానికో గది, గదికో పొయ్యి ఇవ్వాలి. ఇదేమీ కొత్త సంగతి కాదు. గిరిజన గర్భిణులను కాన్పుకు ముందే తెచ్చి ఉంచడానికి 2018లో సాలూరులో వసతి గృహం తెరిచింది అక్కడి ఐటీడీఏనే. ఇక్కడ నెలల తరబడి ఉంచాలి, ఖర్చు ఎక్కువే. కానీ ఇలాంటి పిల్లలు లెక్కకు కొద్దిమందే. పైగా మధ్యలో ఆగిపోయిన పిల్లకు అప్పటిదాకా ప్రభుత్వం పెట్టిందంతా బూడిదలో పోసిన పన్నీరే. పెద్ద భవనాలకు శంకుస్థాపనలు వద్దు, అద్దెకు తీసుకున్న రెండంతస్తుల ఇల్లు చాలు. చోడిపిండి మేమే తెచ్చుకుంటాం.

— ఒక పాఠకుడు,
బొర్రా, అనంతగిరి మండలం,
అల్లూరి సీతారామరాజు జిల్లా