డిగ్రీ చేసినవారికి ఆర్కిటెక్చర్ తలుపు ఎందుకు మూసి ఉన్నట్టు?

గత వేసవిలో ఒక శుక్రవారం, జుమా నమాజు ముగిశాక, మేము మసీదు పక్కన నడుపుతున్న విద్యా సలహా బల్ల దగ్గరకు ఒక తండ్రి, కుమార్తె వచ్చారు. తండ్రి తాపీ మేస్త్రీ. అమ్మాయి గణితం ప్రధానాంశంగా బి.ఎస్సీ. మొదటి శ్రేణిలో ఉత్తీర్ణురాలైంది. "చాచా, నేను ఎం.ఆర్క్. చేయవచ్చా?" అని అడిగింది. ఏడాది ఇంటీరియర్ డిజైన్ డిప్లొమా చేస్తే ఆర్కిటెక్టువే అవుతావని నమ్మబలికి, ఒక ప్రైవేటు సంస్థవారు అప్పటికే అడ్వాన్సు కూడా తీసుకున్నారట. మేము రెండు చేదు నిజాలు చెప్పవలసి వచ్చింది. ఆ డిప్లొమాతో ఎవరూ ఆర్కిటెక్టు కారు. ఇక మన దేశంలో ఎం.ఆర్క్.లో చేరాలంటే ముందుగా బి.ఆర్క్. ఉండితీరాలి. ఆమెకు మిగిలిన దారి నాటా పరీక్ష రాసి, అప్పుడే ఇంటర్ ముగించిన పిల్లల సరసన మొదటి సంవత్సరంలో కూర్చోవడమే. అంటే మరో అయిదేళ్ళు. తండ్రి కండువాతో ముఖం తుడుచుకుని "సరే భాయ్" అన్నాడు.

ఆ "సరే"తో మేము సమాధానపడలేము.

1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం, కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైనవారు తప్ప ఇతరులు ఆ పేరు పెట్టుకోరాదని చెబుతుంది. మంచిదే. ఇళ్ళు కూలిపోకూడదు, ప్రజలు మోసపోకూడదు. అయితే 2020 మార్చిలో సుప్రీంకోర్టు ఇదే చట్టాన్ని వ్యాఖ్యానిస్తూ, నిషేధం ఆ పేరు వాడుకోవడంపైనే గాని ఆ పని చేయడంపై కాదని తేల్చింది. అంటే పని ఎవరైనా చేయవచ్చు, పేరు మాత్రం కొందరిదే. అటువంటప్పుడు ఆ పేరుకు చేరే దారి ఒక్కటే ఎందుకుండాలి? అదీ పదహారేళ్ళ వయసులో ఇంటర్ గ్రూపు ఎంచుకున్ననాడే ఎందుకు ఖరారు కావాలి? సి.ఇ.సి.లోనో హెచ్.ఇ.సి.లోనో చేరిన పిల్లకు ఆ రోజే ఈ తలుపు మూసుకుపోతున్నది. పైగా ఇదే చట్టం, అమలులోకి వచ్చిన తొలినాళ్ళలో, డిగ్రీ లేకున్నా అంతకుముందు అయిదేళ్ళు ఆ వృత్తిలో ఉన్నవారిని నమోదు చేసుకున్నది. అనుభవాన్ని ఒకనాడు నమ్మిన చట్టానికి ఈనాడు పట్టభద్రుల మీద నమ్మకం లేదా?

న్యాయవాద వృత్తిని చూడండి. ఇంటర్ తరువాత అయిదేళ్ళు చదివినా, ఏదో ఒక డిగ్రీ చేసి మూడేళ్ళు ఎల్‌ఎల్.బి. చదివినా ఒకే బార్ కౌన్సిల్‌లో నమోదవుతారు. చరిత్ర చదివినవాడు న్యాయవాది కాగలిగినప్పుడు, గణితం చదివిన అమ్మాయి మూడేళ్ళ స్టూడియో శిక్షణతో ఆర్కిటెక్టు ఎందుకు కాకూడదు?

ఇది మా ఊహ కాదు. అమెరికాలో ఎం.ఆర్క్. ఒకే రకం కాదు. బి.ఆర్క్. చేసినవారికి పైచదువుగా ఒకటి ఉన్నది. ఏ విషయంలో డిగ్రీ చేసినవారికైనా మూడు, మూడున్నరేళ్ళ మరొకటి ఉన్నది. హార్వర్డ్, యేల్, ఎం.ఐ.టి. వంటి చోట్ల ఈ రెండో రకం చాలాకాలంగా నడుస్తున్నది. దరఖాస్తుతోపాటు పోర్ట్‌ఫోలియో అడుగుతారు. అందులో భవనాల నక్షాలే ఉండాలని లేదు. చేతితో గీసిన బొమ్మలు, ఛాయాచిత్రాలు, వడ్రంగం, కుట్టుపని కూడా చూపవచ్చు. కొన్ని పాఠశాలలు కాలేజీ స్థాయిలో కలన గణితం, భౌతికశాస్త్రం చదివి ఉండాలంటాయి. చాలాచోట్ల నాలుగేళ్ళ డిగ్రీ కోరుతారు గనుక, మన మూడేళ్ళ బి.ఎస్సీ., బి.ఏ. వారు ముందే విచారించుకోవాలి.

"రెండేళ్ళలో ఆర్కిటెక్చర్ వస్తుందా?" అని ఆక్షేపించేవారున్నారు. మేము రెండేళ్ళు అడగడం లేదు. స్టూడియోలో రాయితీ కోరడం లేదు. పూర్తి శిక్షణ ఇవ్వండి, అదే పరీక్ష పెట్టండి, కాని గేటు దగ్గరే ఆపవద్దు. బాగ్దాద్‌లో పుట్టిన జహా హదీద్ బీరూట్‌లో గణితం చదివి, ఆ తరువాతే 1972లో లండన్‌కు వెళ్ళి ఆర్కిటెక్చర్ నేర్చుకున్నారు. 2004లో ప్రిట్జ్‌కర్ బహుమతి పొందిన తొలి మహిళ ఆమే. గణితం ఆమెకు అడ్డు కాలేదు.

చట్టం మారేదాకా పిల్లలు చేతులు కట్టుకుని కూర్చోలేరు. బి.టెక్. సివిల్ చేసినవారికి ఎం.ప్లాన్ ఉన్నది, భూగోళం, ఆర్థికశాస్త్రం, సమాజశాస్త్రంలో ఎం.ఏ. చేసినవారిని కూడా కొన్ని ప్లానింగ్ కోర్సులు తీసుకుంటాయి. విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్, హైదరాబాదు మాసాబ్‌ట్యాంక్‌లోని జె.ఎన్.ఎ.ఎఫ్.ఎ.యు. మనకు దగ్గరివి. సీడ్ పరీక్ష రాసి, అర్హత కుదిరినచోట ఐ.ఐ.టి.లలో ఎం.డెస్. చేయవచ్చు. ఇవన్నీ గౌరవమైన చదువులే. కాని వీటిలో దేనితోనూ ఆర్కిటెక్టు అనే పేరు రాదు. ఆ మాట దాచి సీటు అమ్మేవారిని నమ్మకండి.

విదేశానికి వెళ్ళదలచినవారికి ఒక పాత గుమాస్తా సలహా: తిరిగివచ్చి ఇక్కడ పని చేయాలనుకుంటే, ఆ డిగ్రీతో నమోదు చేస్తారా లేదా అని విమానం ఎక్కకముందే కౌన్సిల్‌కు లేఖ రాసి, జవాబు కాగితం మీద తీసుకోండి. నోటిమాట ఫైలులోకి ఎక్కదు. మా ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో నేర్చుకున్నది ఇదొక్కటే అన్నా తప్పులేదు.

తప్పు మనలోనూ ఉన్నది. మన ఇళ్ళలో ఎం.పి.సి. అంటే ఇంజనీరింగే. గోడ కట్టే తండ్రికి, ఆ గోడ గీసే చదువు ఒకటున్నదని ఇంటర్‌కు ముందు ఎవరు చెప్పారు? మేమూ చెప్పలేదు.

డిగ్రీ చేసినవారికి మూడేళ్ళ ఎం.ఆర్క్. ప్రారంభించి, దానికి నమోదు అర్హత కల్పించాలని కౌన్సిల్‌కు, కేంద్ర విద్యాశాఖకు పంపడానికి వినతిపత్రం సిద్ధం చేశాము. మొదటి సంతకం ఆ అమ్మాయిది. ఆమె ఇప్పుడు సీడ్‌కు చదువుతున్నది. అడ్వాన్సు సొమ్ములో సగమే తిరిగివచ్చింది. మిగతా సగం కోసం వచ్చే సోమవారం మళ్ళీ వెళుతున్నాము.