బాగా ఆలోచించుకున్నావా?

గత రెండేళ్ళలో ఈ ప్రశ్న నన్నడగని మనిషి లేడు. సైకియాట్రిస్టు అడిగారు, ఎండోక్రినాలజిస్టు అడిగారు, మా లీడ్ అడిగాడు, మావయ్య అమలాపురం నుంచి ఫోన్ చేసి మరీ అడిగాడు. ఆఖరికి పర్సనల్ లోన్ ఇచ్చే కుర్రాడు కూడా అడిగాడు. అతను వడ్డీ గురించి అడిగాడు లెండి, అలవాటు కొద్దీ నేనే ఇంకోలా విన్నా.

విషయం ముందే చెప్పేస్తా. నేను ట్రాన్స్ మహిళని. వయసు ఇరవై ఎనిమిది. పుట్టింది కోనసీమలో ఓ లంక, ఇంజనీరింగ్ కాకినాడ, ప్రస్తుతం హైదరాబాదులో జావా రాసుకుని బతుకుతున్నా. వచ్చే సంక్రాంతి వెళ్ళాక నా ఆపరేషన్. పేపర్ల వాళ్ళు "లింగమార్పిడి" అంటారు, డాక్టర్లు ఇప్పుడు జెండర్ అఫర్మేషన్ సర్జరీ అంటున్నారు. ట్రాన్స్ మనుషులందరికీ ఇది కావాలని లేదు, అక్కర్లేని వాళ్ళూ బోలెడుమంది. ఆపరేషన్ అయితేనే నీ జెండర్ ఒప్పుకుంటాం అనడం అనైతికం, చట్టవిరుద్ధం అని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న నాల్సా కేసు తీర్పులోనే చెప్పింది. నాకు కావాలి, చేయించుకుంటున్నా. అంతే.

సానుభూతి కోసం రాయట్లేదు. గొడవ పెట్టుకుందామనే రాస్తున్నా. నా గొడవల్లా ఒకటే. "సిద్ధంగా ఉన్నావా" అన్న ప్రశ్న ఎప్పుడూ నా ఒక్కదాన్నే ఎందుకు అడుగుతారు? నేను సిద్ధపడి చాలా ఏళ్ళయింది. సిద్ధంగా లేనిది మీరు. మీరంటే ఇల్లు, ఆఫీసు, ఆసుపత్రి, ఇన్సూరెన్సు కంపెనీ, అందరూను.

ముందు ఈ "ఆలోచించుకోవడం" సంగతి తేల్చేద్దాం. ఆపరేషన్ అంటే మన ఆంధ్రాలో నిజంగానే అంత ఆలోచిస్తామా? 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తీసి చూడండి. 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించేసుకున్నవాళ్ళు దేశం మొత్తమ్మీద 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. దేశంలో మనమే ఫస్టు. మా వీధిలోనే ముప్ఫై అయిదు దాటకుండా తీయించుకున్న పిన్నిలూ అత్తలూ నలుగురు తెలుసు నాకు. నొప్పంటే ఆర్ఎంపీ దగ్గరకెళ్ళారు, ఆయనే ఆటో ఎక్కించి టౌన్లో నర్సింగ్ హోముకి తీసికెళ్ళాడు, నాలుగోరోజుకి ఇంటికొచ్చారు. వాళ్ళని సైకియాట్రిస్టు ఉత్తరం ఎవరూ తెమ్మనలేదు. ఏడాదిపాటు ఆలోచించుకో అనలేదు. అండాశయాలు కూడా తీసేస్తే చిన్నవయసులోనే ఎముకలు గుల్లబారతాయని చెప్పిన పాపాన పోలేదు. "పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకది?" అన్నారు. అయిపోయింది.

అంటే మనకి ఆపరేషన్ అంటే భయం లేదండీ. మనిషి తన ఒంటి గురించి తను నిర్ణయం తీసుకోవడమంటేనే భయం.

ఇక రెండో ప్రశ్న, "తర్వాత పశ్చాత్తాపపడితే?" మంచి ప్రశ్నే. 2021లో 27 అధ్యయనాలు కలిపి, 7,928 మంది వివరాలు చూస్తే పశ్చాత్తాపపడ్డవాళ్ళు దాదాపు 1 శాతం వచ్చారు. ఆ అధ్యయనాల్లో కొన్నిటిలో మనుషుల్ని ఎక్కువకాలం వెంబడించి అడగలేదన్న విమర్శ ఉంది, కాదనను. సరే, ఐదింతలు వేసుకోండి. మోకాళ్ళు మార్పించుకున్నవాళ్ళలో ఐదోవంతు దాకా తృప్తి లేదనే అధ్యయనాలున్నాయి. మా అమ్మమ్మకి మోకాళ్ళ ఆపరేషన్ అన్నప్పుడు పశ్చాత్తాపం గురించి చర్చ జరగలేదు, రాజమండ్రిలోనా వైజాగులోనా అన్న చర్చే జరిగింది.

అడగొద్దనట్లేదు. డాక్టర్లు అడగాలి. అది వాళ్ళ పని. ట్రాన్స్ ఆరోగ్యం మీద పనిచేసే ప్రపంచ వైద్యుల సంఘం డబ్ల్యూపాత్ 2022లో తెచ్చిన ఎనిమిదో కూర్పు మార్గదర్శకాల్లో, హార్మోన్లు వాడదలుచుకున్నవాళ్ళు ఇలాంటి ఆపరేషన్‌కి ముందు కనీసం ఆరునెలలు వాడి ఉండాలని ఉంది. మన దేశంలోని సంఘం కూడా 2020లో సొంత ప్రమాణాలు రాసుకుంది. ఇవన్నీ నేను చదివాను, పాటించాను. ఈ ఆపరేషన్‌కి సిద్ధపడటమంటే ఏంటో మీకు తెలీదేమో, చెప్తా వినండి.

ఆ భాగంలో వెంట్రుకలు ముందే లేజర్‌తో తీయించుకోవాలి, సిటింగు సిటింగుకీ మధ్య వారాల గ్యాపు, అలా నెలల తరబడి. పిల్లల విషయం ముందే తేల్చుకోవాలి, తర్వాత వెనక్కి రాదు. సిగరెట్ ముట్టకూడదు, పుండు మానదు. హార్మోన్ మాత్రలు ఆపాలా, ఎన్నాళ్ళు ఆపాలా అన్నది సర్జన్‌నీ ఎండోక్రినాలజిస్టునీ ఇద్దర్నీ అడిగి రాసుకోవాలి, సొంతంగా ఆపకూడదు. ఆపరేషన్ అయ్యాక వారం అటూఇటూ మూత్రానికి గొట్టం. తర్వాత డైలేటర్లు, మొదటి నెలల్లో రోజుకి రెండు మూడుసార్లు, ఆ తర్వాత తగ్గించుకుంటూ ఏళ్ళ తరబడి. మానేస్తే చేసిందంతా పూడుకుపోతుంది. కనీసం ఆరువారాలు బరువులెత్తకూడదు. మలబద్ధకం రాకుండా ఏం తినాలో కూడా ముందే చూసుకోవాలి.

ఇంకొకటుంది, దీన్ని ఎవరూ చెప్పరు. ఆపరేషన్ అయిన మొదటి వారాల్లో చాలామందికి గుండెల్లో బండ పెట్టినట్టుంటుందట. నొప్పి, మత్తుమందు, హార్మోన్ల తేడా, మంచం మీదే పడి ఉండటం, అన్నీ కలిసి ఏడుపొస్తుంది. ఎందుకు చేయించుకున్నానురా దేవుడా అనిపించొచ్చు. అది పశ్చాత్తాపం కాదు, కోలుకోవడంలో ఒక దశ. కానీ ఆ సమయానికి పక్కన కూచుని "ఇది పోతుందే" అనే మనిషి ఒకరుండాలి. ఆ మనిషిని నేను ఏ వెబ్‌సైట్లో ఆర్డర్ పెట్టను చెప్పండి?

మన ఐటీ జనాలకి బాగా తెలిసిన సబ్జెక్టుకొద్దాం. 2019 సెప్టెంబరులో ఐఆర్‌డీఏఐ, హెల్త్ పాలసీల్లో "ఇవి కవర్ చెయ్యం" అని రాసుకునే మినహాయింపులకి ఒకే రకం మాటలు, ఒకే రకం కోడ్లు ఖరారు చేసింది. ఆరో కోడ్ ఊబకాయం, ఎనిమిది కాస్మెటిక్ సర్జరీ, తొమ్మిది సాహస క్రీడలు. మధ్యలో ఏడోది మాది. శరీర లక్షణాలని అవతలి లింగానికి మార్చే ఏ చికిత్సైనా, సర్జరీతో సహా. సరిగ్గా రెండు నెలలకి, అదే ఏడాది నవంబరులో పార్లమెంటు ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం పాస్ చేసింది. అందులో 15వ సెక్షన్ ఏమందంటే, ప్రభుత్వాలు ఈ ఆపరేషన్, హార్మోన్లు, ముందూ వెనకా కౌన్సెలింగ్ ఏర్పాటు చెయ్యాలి, సమగ్ర ఇన్సూరెన్సు పథకంతో ఖర్చు భరించాలి. ఒకే దేశం, ఒకే ఏడాది. రిక్వైర్‌మెంట్ ఒక టీమ్ రాసింది, కోడ్ ఇంకో టీమ్ రాసింది, రివ్యూ మాత్రం ఎవరూ చెయ్యలేదు.

2022 ఆగస్టులో ఆయుష్మాన్ భారత్ టీజీ ప్లస్ అని ఏడాదికి 5 లక్షల దాకా కవరేజీ ప్రకటించారు. మంచిదే. కానీ దానికి జాబితాలో ఉన్న ఆసుపత్రి కావాలి, ఆ ఆసుపత్రిలో ఈ పని చేతనైన సర్జన్ కావాలి. తమిళనాడు 2008లోనే ట్రాన్స్‌జెండర్ సంక్షేమ బోర్డు పెట్టి, చెన్నై ప్రభుత్వాసుపత్రుల్లో ఈ ఆపరేషన్ ఉచితంగా చెయ్యడం మొదలెట్టింది. మా డెల్టా నుంచి సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి చెన్నై. అంత దగ్గరున్న పక్కరాష్ట్రాన్ని చూసి ఇన్నేళ్ళలో మనం నేర్చుకున్నదెంత?

దారి లేకపోతే మనుషులు ఆగిపోతారనుకుంటారు మీరు. ఆగరు. 2022 ఫిబ్రవరిలో నెల్లూరులో ఏం జరిగిందో గుర్తుందా? ప్రకాశం జిల్లా నుంచి వచ్చిన ఇరవై ఎనిమిదేళ్ళ వ్యక్తికి ఒక లాడ్జి గదిలో ఇద్దరు బీఫార్మసీ విద్యార్థులు యూట్యూబ్ చూసి ఈ ఆపరేషన్ చేశారు. రక్తం ఆగలేదు, మనిషి పోయింది. కుర్రాళ్ళని అరెస్టు చేశారు, చెయ్యాల్సిందే. టీవీల్లో రెండ్రోజులు "యూట్యూబ్ ఆపరేషన్" అని స్క్రోలింగు వేసుకున్నారు. ఒక మనిషి ఆసుపత్రి గుమ్మం వదిలి లాడ్జి మెట్లెందుకు ఎక్కాల్సొచ్చింది అని అడిగినవాడు మాత్రం నాకు కనబళ్ళేదు. ఆ మనిషి వయసూ నా వయసూ ఒకటే. నాకు జీతం ఉంది, లోన్ వచ్చింది, ఇంగ్లీషులో డాక్టర్‌ని అడగడం వచ్చు. ఇద్దరి మధ్యా తేడా అంతే.

సిద్ధపడటం ఒంటరి పని కాదని హిజ్రాలకి ఎప్పటినుంచో తెలుసు. నిర్వాణం అయిన మనిషిని నలభై రోజులు ఇంట్లో పెట్టుకుని, పథ్యం పెట్టి, వేన్నీళ్ళు పోసి, చివర్రోజు పండగలా చేసి బయటికి తెచ్చే పద్ధతి వాళ్ళది. రేవతి గారి ఆత్మకథని పి.సత్యవతి గారు "ఒక హిజ్రా ఆత్మకథ"గా తెలుగు చేశారు, ఆ అనువాదానికి 2019 సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. చదవండి. దాయమ్మ కత్తిని నేను సమర్థించట్లేదు, దానివల్ల ఎంతమంది చచ్చిపోయారో లెక్కే లేదు. కానీ ఆ నలభై రోజుల సేవ ఉంది చూశారా, అది మన కార్పొరేట్ ఆసుపత్రి ప్యాకేజీలో లేదు.

నా ప్యాకేజీలో ఉన్నది ఒక ఫారం. "అటెండెంట్ పేరు, పేషెంటుకి సంబంధం." రాత్రీపగలూ ఉండే అటెండెంట్ లేకపోతే చేర్చుకోం అన్నారు, పేరు చెప్పను గానీ పెద్ద ఆసుపత్రే. పైగా తండ్రి సంతకం తెమ్మన్నారు. మేజర్ అయిన మనిషి ఆపరేషన్‌కి ఆ మనిషి సంతకం చాలని చట్టం, కానీ కౌంటర్లో చట్టం మాట్లాడితే డేటు జరిగిపోతుంది. నాన్న నాతో మాట్లాడి మూడేళ్ళు. అమ్మ ఫోన్లో ఏడుస్తుంది, వస్తాననదు, రాననదు. ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది. సైకియాట్రిస్టు ఉత్తరంలో నేను "మానసికంగా సంసిద్ధురాలు" అని ఉంది. ఇలాంటి ఉత్తరం మా ఇంటికి ఎవరిస్తారు?

మా లంకల్లో వరదొస్తుందంటే ఏం చేస్తారో చెప్తా. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి హెచ్చరిక, 13 దాటితే రెండోది, 17 దాటితే మూడోది. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. అప్పుడు లంకలో వాళ్ళని "మీరు మానసికంగా సిద్ధమేనా, బాగా ఆలోచించుకున్నారా" అని ఎవరూ అడగలేదండీ. పడవ పంపారు. గొడ్లని గట్టెక్కించారు. పులిహోర పొట్లాలు పంచారు. ఎవరి ఇల్లు వాళ్ళే చూసుకోండి అన్న మాట ఆ ఊళ్ళో ఎవరి నోటా రాలేదు. అదే ఊరు నా విషయంలో మాత్రం "నీ ఇష్టం, నువ్వే పడు" అంటోంది.

కాబట్టి అడిగేవాళ్ళందరికీ నా వైపు నుంచి నాలుగు పనులు.

1. ఇంట్లోవాళ్ళు: కారణాలు అడగడం ఆపి తేదీలు అడగండి. ఏ రోజు చేరాలి, ఎన్నాళ్ళుండాలి, ఏం వండిపెట్టాలి. మీకు ఒప్పుదల లేకపోయినా పర్లేదు, అటెండెంట్ గదిలో కుర్చీ ఉంటుంది, కూచోండి.

2. స్నేహితులు: "ఏదైనా కావాలంటే చెప్పు" అనకండి. మంగళవారం రాత్రి నేనుంటా అనండి. డ్యూటీ రోస్టర్ వెయ్యడం మనకి కొత్తా? ఆన్‌కాల్ చేసినవాళ్ళమే కదా.

3. డాక్టర్లు: నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో కన్వర్షన్ థెరపీని వృత్తిపరమైన తప్పుగా ప్రకటించింది. "మార్చేస్తాం" అని ఫీజు తీసుకునేవాళ్ళు అది చదవండి. మిగతావాళ్ళు తండ్రి సంతకం అడిగే ముందు ఏ రూలు ప్రకారమో కాగితమ్మీద రాసివ్వండి.

4. ఆఫీసులు: టాటా స్టీల్, ఇనుము కరిగించే కంపెనీ, 2019లోనే ఈ ఆపరేషన్‌కి ఆర్థికసాయం, 30 రోజుల ప్రత్యేక సెలవు ప్రకటించింది. జూన్ నెలొస్తే లోగోకి ఏడురంగులు పూసే సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో నాకు దొరికింది మాత్రం పన్నెండు సిక్ లీవులు, మిగతా లాస్ ఆఫ్ పే.

ఈ నాలుగోది మీ చేతిలో పని. మీ కంపెనీ గ్రూప్ పాలసీ పీడీఎఫ్ మీ ఇన్‌బాక్సులోనే ఉంటుంది. తెరవండి, మినహాయింపుల పేజీకి వెళ్ళండి, ఏడో కోడ్ ఉందేమో చూడండి. గ్రూప్ పాలసీలో డబ్బు కట్టి దాన్ని తీయించుకునే వీలు కంపెనీలకి ఉంది, తీయించిన కంపెనీలూ ఉన్నాయి. ఉంటే హెచ్చార్‌కి ఒక మెయిల్ కొట్టండి. మీ టీములో ట్రాన్స్ మనిషి ఎవరూ లేరంటారా? ఉన్నారో లేదో మీకు తెలీదు. నేను ఈ కంపెనీలో చేరిన మొదటి రెండేళ్ళూ మా టీముకీ తెలీదు.

ఆ మెయిల్లో పెద్దగా ఏం రాయక్కర్లేదు. ఈ లైను ఎందుకుంచారు, బాగా ఆలోచించుకునే ఉంచారా అని అడగండి చాలు.