సెంటు కొడితే కంపు పోతుందా?

సంక్రాంతి అయ్యాక విజయవాడ హైవే మీద హైదరాబాదు తిరిగొచ్చే కార్లలో ఏముంటాయో మనందరికీ తెలుసు. ఆవకాయ జాడీ, నెయ్యి డబ్బా, అమ్మ కట్టిచ్చిన పెరుగు, చంటిదాని పాల సీసా. ఏ స్పీడ్ బ్రేకర్ దగ్గరో వీటిలో ఒకటి ఒలుకుతుంది. అది మామూలే. నా గొడవ ఒలకడం గురించి కాదు, ఆ తర్వాత మనం చేసే తతంగం గురించి.

పైపైన గుడ్డతో తుడుస్తాం. వారాంతంలో "ఇంటీరియర్ క్లీనింగ్" బోర్డున్న చోట కారు పడేస్తాం. అక్కడి కుర్రాడు ఏం ఒలికిందని కూడా అడగడు. అన్నిటికీ ఒకే నురగ, ఒకే బ్రష్షు, చివర్లో నిమ్మకాయ సెంటు. నాలుగో రోజు ఎండలో పెట్టిన కారు తలుపు తీస్తే నిమ్మకాయా, పులిసిన పాలూ కలిసిన కొత్త రకం కంపు! అప్పుడేం చేస్తాం? ఇంకో సెంటు కొంటాం.

దీన్ని క్లీనింగ్ అనడం మోసం అంటాను నేను.

ఎందుకంటే ఒలికిన పాలు కార్పెట్‌లో ఆగవు. మనకి కనపడే కార్పెట్ పల్చటి పొర. దాని కింద చప్పుడు రాకుండా వేసిన మందపాటి ఫెల్టో, ఫోమో ఉంటుంది. దాని కింద ఇనప రేకు. పాలు నేరుగా ఆ ఫెల్టులోకి దిగుతాయి. పైన కార్పెట్ ఒక పూటలో ఆరిపోతుంది, కింద గాలి ఆడని ఫెల్టు రోజుల తరబడి తడిగానే ఉంటుంది. పాలలోని ప్రొటీను, కొవ్వు, చక్కెర బాక్టీరియాకి విందు భోజనం. దాని మీద బకెట్ నురగ పోస్తే విందుకి నీళ్ళు కూడా ఇచ్చినట్టే. ఆ తడికి రేకు తుప్పు పడుతుంది, అక్కడ నడిచే వైర్ల కనెక్టర్లకి చిలుము పడుతుంది.

అసలు పద్ధతి బ్రహ్మవిద్యేమీ కాదు. వెంటనే పొడి గుడ్డ అద్ది పీల్చాలి, రుద్దకూడదు. పాల మీద వేడి నీళ్ళు పోస్తే ప్రొటీను గడ్డకట్టి పోగులకి పట్టేస్తుంది, కాబట్టి చన్నీళ్ళే, అదీ కొద్దిగా. తర్వాత ఎంజైమ్ క్లీనర్ వేసి కొన్ని గంటలు వదిలేయాలి. తడి పీల్చే వాక్యూమ్‌తో లాగాలి. ఎక్కువ ఒలికితే సీటు విప్పి, కార్పెట్ ఎత్తి, ఫెల్టు కడిగి ఆరబెట్టడమో, మార్చడమో చెయ్యాలి. చాలా కార్లలో సీటు కింద ఎయిర్‌బ్యాగ్ వైర్లుంటాయి కాబట్టి అది బ్యాటరీ తీసి చేసే మెకానిక్ పని. ఆవకాయ నూనెకైతే గిన్నెలు తోమే సబ్బు చాలు. పసుపు మరక సబ్బుకి ఎర్రబడితే కంగారు పడొద్దు, ఎండకి వెలుస్తుంది. పెట్రోలు ఒలికితే మాత్రం మామూలు వాక్యూమ్‌ని దగ్గరికి కూడా రానివ్వొద్దు, నిప్పురవ్వ చాలు.

ఇంకో తమాషా. ఒక్కోసారి ఏదీ ఒలక్కుండానే డ్రైవరు పక్క సీట్లో కాళ్ళ దగ్గర తడి ఉంటుంది. అది ఏసీ నీళ్ళు బయటికి పోయే గొట్టం పూడుకుపోవడం వల్ల కావచ్చు. తియ్యటి వాసన, జిడ్డు ఉంటే హీటర్ నుంచి కూలెంట్ కారుతున్నట్టు. అది విషం, చంటిపిల్లలు తాకకూడదు. కారణం చూడకుండా కార్పెట్ పదిసార్లు కడిగి ఏం లాభం?

మా ఆఫీసు దగ్గర ఒక సర్వీస్ సెంటర్లో "కార్పెట్ ఎత్తి చూస్తారా?" అనడిగాను. "అదంతా ఎందుకు సార్, సెంటు డబుల్ కొట్టిస్తా" అన్నాడు. ఆ కుర్రాడిననడం దండగ. గంటలో కారు కావాలనేది మనమే, తక్కువ ప్యాకేజీ వెతికేదీ మనమే.

ఆఫీసులో ఖాళీ క్యాచ్ బ్లాక్ కనపడితే జూనియర్‌ని రివ్యూలో ఉతికి ఆరేస్తాం. రూట్ కాజ్ ఏదని మెయిళ్ళ మీద మెయిళ్ళు కొడతాం. మరి సెంటు సీసా ఖాళీ క్యాచ్ బ్లాక్ కాకపోతే ఇంకేంటి? ఎర్రర్ పోలేదు బాబూ, మెసేజ్ మాత్రమే పోయింది!

ఇది ముక్కుకి మాత్రమే సంబంధించిన గొడవా కాదు. 2020 అక్టోబరులో హైదరాబాదులో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో కార్లు మునిగాయి. మునిగిన కారుకి కూడా ఇదే నురగ, ఇదే సెంటు కొట్టి అమ్మితే కొనేవాడికి ఎలా తెలుస్తుంది? సెకండ్ హ్యాండ్ కారులో సెంటు ఘాటుగా కొడుతోందంటే నేనైతే ముందు కార్పెట్ అంచు ఎత్తి ఫెల్టు నొక్కి చూస్తాను, తర్వాతే ధర అడుగుతాను.

ఈసారి డబ్బులిచ్చే ముందు రెండే ప్రశ్నలు అడగండి. కార్పెట్ ఎత్తుతావా? కింద ఆరిందని ఎలా చూపిస్తావు? జవాబు లేకపోతే తాళాలు ఇవ్వకండి.