ఆ పనికి కూడా ఒక వేళ కావాలి



ఈసారి మేము రాస్తున్న సంగతి మందిరంలో ఎవరూ మాట్లాడనిది. నడుము కిందో, మెడ కిందో శరీరం చచ్చుబడిన మనిషి దొడ్డికి వెళ్లే విషయం. ఇలాంటివి ఇక్కడ రాయడం బాగుంటుందా అని మన పెద్దల్లో ఒకరు ముందే అడిగారు. ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయం తెరిచి చూడండి. పాళెంలో ఉన్నవాడు ఆ పనికి ఎక్కడికి వెళ్లాలో, వెంట ఏ పనిముట్టు ఉంచుకోవాలో, ఎలా తవ్వి కప్పాలో అంతా అందులో ఉంది. ధర్మశాస్త్రానికి లేని మొహమాటం మనకెందుకు?

మా మాట ఇది. చచ్చుబడిన శరీరంతో బతికే మనిషి మలవిసర్జనకు ఒక వేళ, ఒక పద్ధతి పెట్టుకోవాలి. ఆ వేళనూ పద్ధతినీ ఎంచుకునేది ఆ మనిషే కావాలి. చుట్టూ ఉన్న మనం, సంఘంతో సహా, మన వేళల్ని దానికి తగ్గట్టు జరుపుకోవాలి. ఈ చివరి మాట దగ్గరే మనలో కొందరికి అభ్యంతరం ఉంది. దాని సంగతికి తర్వాత వస్తాం.

వెన్నుపాముకు దెబ్బ తగిలితే కాళ్లు మాత్రమే పోతాయని చాలామంది అనుకుంటారు. పేగు పని ఆగదు గాని బాగా నెమ్మదిస్తుంది. లోపల నిండిన కబురు మెదడుకు చేరదు. ఆపుకోమనే మాట మెదడు నుంచి కిందికి దిగదు. అందుకే వస్తున్నట్టు తెలియదు, తెలిసినా ఆగదు. పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయిన పెద్దవారి సంగతి వేరు. వాళ్లలో చాలామందికి తెలుస్తుంది గాని లేచి వెళ్లలేరు, కొందరు నోటితో చెప్పలేరు. వాళ్లకు ముందు కావలసింది భోజనం తర్వాత కుర్చీ మీద కూర్చోబెట్టే మనిషి. ఇక్కడ మేము ఎక్కువగా రాస్తున్నది వెన్నుపాము దెబ్బతిన్నవారి గురించి.

మన సంఘంలో ఒక తమ్ముడున్నాడు. అతన్ని అడిగే, పేరు లేకుండా రాస్తున్నాం. సెంట్రింగ్ పనిలో రెండో అంతస్తు నుంచి పడి వీపు మధ్యలో వెన్నుపూస విరిగింది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక మొదటి ఏడాది అతను శనివారం మధ్యాహ్నం నుంచి అన్నం ముట్టేవాడు కాదు. ఉపవాస ప్రార్థన అనుకుని ఇరుగుపొరుగు మెచ్చుకునేవారు. అసలు సంగతి వేరు. ఆదివారం ఆరాధన మధ్యలో బట్టలు పాడవుతాయేమోనన్న భయం. పేగు నెమ్మదిగా నడిచే శరీరంలో శనివారం మానేసిన అన్నం ఆదివారానికి లెక్కలోకే రాదు, రెండు మూడు రోజుల కిందట తిన్నది అప్పటికి బయలుదేరుతుంది. అంటే ఆ ఆకలి అంతా వృథా. వారానికి రెండుసార్లు ఆముదం తాగించేవారు. అది రాత్రి పనిచేస్తుందో, మర్నాడు బండి మీద కూర్చున్నప్పుడు పనిచేస్తుందో ఎవరికీ తెలియదు. అటు ఆకలి, ఇటు ఆముదం, మధ్యలో డైపర్లు. డైపర్ రక్షణ కోసం వేసుకునేదే తప్ప పద్ధతి కాదు. తడిసిన మలంలో స్పర్శ లేని చర్మం గంటల తరబడి ఉంటే పుండు పడుతుంది. అతనికి పడింది, మానడానికి నాలుగు నెలలు పట్టింది.

పద్ధతి ఎంచుకునేటప్పుడు మొదట తెలుసుకోవలసింది దెబ్బ ఎక్కడ తగిలిందన్నది. పక్కింటివాళ్లకు ఏది పనిచేసిందన్నది తర్వాతి మాట. దెబ్బ వీపులోనో మెడలోనో తగిలినప్పుడు వెన్నుపాము కింది కొస సాధారణంగా బాగానే ఉంటుంది. మెదడుతో పని లేకుండా పేగు చివర తనంతట తాను తోసే గుణం మిగిలి ఉంటుంది. మలద్వారంలో బిళ్ల పెట్టినా, గ్లవ్స్ తొడిగి జెల్లీ రాసుకున్న వేలిని లోపల మెల్లగా గుండ్రంగా తిప్పినా ఆ గుణం మేలుకుంటుంది. వీళ్లకు మలం మెత్తగా ఉండాలి. రోజూ గాని, రోజు విడిచి రోజు గాని చేసుకోవచ్చు. దెబ్బ నడుము దగ్గర, వెన్నుపాము కొసకో దాని కింద ఉండే నరాల కుచ్చుకో తగిలితే ఆ గుణం ఉండదు, ద్వారం వదులైపోతుంది. వీళ్లకు బిళ్ల పెద్దగా పనిచేయదు. వేలితో తీయడమే దారి, మామూలుగా రోజుకు ఒకసారైనా చేయాలి, మలం కాస్త గట్టిగా ఉంటేనే జారిపోకుండా ఉంటుంది. ఒకరి పద్ధతి ఇంకొకరికి చెప్పి చేయిస్తే ఎంత చెడుతుందో దీన్నిబట్టి చూడండి. మీది ఏ రకమో డాక్టరుగారిని నేరుగా అడగండి. ఆ ఒక్క ప్రశ్న కోసమే ఆసుపత్రికి వెళ్లినా తప్పులేదు.

ఆ తర్వాత వేళ. తిన్న అరగంట లోపల పేగు కాస్త చురుకవుతుంది. వేడి కాఫీయో టీయో తాగినా అంతే. అందుకే ఉదయం టిఫిను తర్వాత మంచిదని చాలాచోట్ల చెబుతారు. కాని ఈ తమ్ముడి భార్య మిర్చి కోతల రోజుల్లో ఆరింటికే ఆటో ఎక్కాలి. ఉదయం అంటే ఆమె కూలి పోవాలి, లేదా అతను ఆమె వచ్చేదాకా అలాగే కూర్చోవాలి. వాళ్లిద్దరూ కూర్చుని మాట్లాడుకుని, రోజు విడిచి రోజు రాత్రి భోజనమయ్యాక ఎనిమిదిన్నరకు అని పెట్టుకున్నారు. మంచి నిర్ణయమని మా అభిప్రాయం. పుస్తకంలో మంచిదన్న వేళ కన్నా తప్పకుండా పాటించగలిగే వేళ మేలు. పేగుకు అలవాటు చేసేది ఆ క్రమమే. పొద్దున చేశాక మధ్యాహ్నం దాకా కొంచెం కొంచెం కారే వాళ్లుంటారు, రాత్రి వేళ వాళ్లకు ఇంకా నయం.

ఎవరి చెయ్యి అన్నది అందరికన్నా కష్టమైన ప్రశ్న. మన ఇళ్లలో దీన్ని ఎవరూ అడగరు. భార్యో, తల్లో, కోడలో చేస్తుందిలే అనుకుంటాం. మంచం మీద ఉన్న మనిషిని మాత్రం అడగం. పెళ్లికెదిగిన చెల్లెలు చేయడం ఇష్టం లేక తిండి తగ్గించుకున్నవాళ్లు ఉన్నారు. చేతులు బాగున్నవారు తమ పని తాము నేర్చుకోవచ్చు, నేర్చుకోవాలి. ఈ తమ్ముడు ఒక నర్సు దగ్గర నేర్చుకున్నాడు. గోళ్లు తీసేసి, గ్లవ్స్ వేసుకుని, బిళ్లను మలంలోకి కాకుండా పేగు గోడకు ఆనేలా పెట్టాలి. అది కరిగి పనిచేయడానికి పావుగంట నుంచి అరగంట, ఒక్కోసారి ఇంకొంచెం పడుతుంది. తర్వాత వేలు పది పదిహేను సెకన్లు మెల్లగా తిప్పి, ఐదు పది నిమిషాలు ఆగి మళ్లీ చేయాలి. పొట్టను కుడి కింద నుంచి పైకి, ఎడమకు, కిందికి నిమురుతుంటే సాయంగా ఉంటుంది. అన్నీ కలిపి గంట లోపల ముగిస్తే పద్ధతి కుదిరినట్టే. ఇప్పుడు భార్య చేయవలసింది కుర్చీ మీదికి జరపడం, బకెట్ తీయడం మాత్రమే. చెయ్యి మారాక ఇంట్లో మాటలు కూడా మారాయని అమ్మగారితో ఆమే చెప్పింది. మెడ దెబ్బతిని చేతులు రానివారికి ఇది కుదరదు. అప్పుడు కూడా ఎవరు చేస్తే తనకు కాస్త తేలికగా ఉంటుందో చెప్పే హక్కు వాళ్లదే.

కుర్చీ గురించి ఒక మాట. మన ఊళ్లలో ప్లాస్టిక్ కుర్చీకి మధ్యలో కోసి వాడుతుంటారు. డబ్బు మిగులుతుంది, నిజమే. కాని ఆ కోసిన అంచు స్పర్శ లేని చర్మానికి కత్తి. మందమైన మెత్త వేయకుండా కూర్చోకండి, కూర్చున్నాక మధ్యమధ్యలో బరువు మార్చండి, దిగాక చర్మం చూసుకోండి. కడిగే నీళ్లు వేడిగా ఉంటే స్పర్శ ఉన్న చేతితో ముందు చూడాలి. మన రాష్ట్రంలో పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 2024 జూలై నుంచి నెలకు 15,000 రూపాయల పింఛను ఉంది. అందులో మొదటి ఖర్చు మెత్త ఉన్న కమోడ్ కుర్చీ కావాలని మా సలహా. అర్హత ఉండి రానివారు మాతో మాట్లాడండి, సచివాలయానికి కలిసి వెళ్దాం.

తిండి సంగతిలో అతి వద్దు. పీచు ఎంత తింటే అంత మంచిదన్న మాట నెమ్మదైన పేగుకు వర్తించదు. ఇసబ్‌గోల్ ఎక్కువై ఇంకా బిగుసుకునేవాళ్లున్నారు. ఆకుకూర, పండు కొద్దికొద్దిగా పెంచి చూడాలి. నీళ్లు కూడా మూత్రం గొట్టం వేళలను బట్టి డాక్టరు చెప్పినంతే. ఐరన్ మాత్రలు, కొన్ని బలమైన నొప్పి మాత్రలు మలబద్ధకం తెస్తాయి, వాడుతుంటే ఆ సంగతి చెప్పండి. ఒకేసారి నాలుగు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఒక్కటి మార్చి, కొన్ని విడతలు చూసి, అప్పుడు ఇంకొకటి. ఈ తమ్ముడు మనం పంచిన వాక్య క్యాలెండర్‌లోనే తేదీ గడిలో పెన్సిల్‌తో రాసుకుంటాడు. ఎంతసేపు పట్టింది, ఎలా వచ్చింది, మధ్యలో కారిందా. ఆ క్యాలెండర్ ఇంత పనికొచ్చిన ఇల్లు ఇంకొకటి మేము చూడలేదు.

మూడు సంగతులు మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఛాతీ భాగంలో ఆరో వెన్నుపూస దగ్గర గాని, దానికి పైన గాని దెబ్బ ఉన్నవారికి ఈ పని జరుగుతుండగా ఉన్నట్టుండి తల పగిలేంత నొప్పి, ముఖం ఎర్రబడటం, దెబ్బకు పైభాగంలో చెమటలు వస్తే రక్తపోటు ప్రమాదంగా పెరుగుతోందన్నమాట. చేస్తున్నది ఆపి, నిటారుగా కూర్చోబెట్టి, బిగుతు బట్టలు వదులు చేసి, మూత్రం గొట్టం మెలిపడిందేమో చూసి, తగ్గకపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పడుకోబెట్టకూడదు. రెండోది, చాలా రోజులు రాకుండా ఉండి తర్వాత నీళ్లలా కారుతుంటే అది విరేచనాలు కాకపోవచ్చు. లోపల గట్టిపడిన ముద్ద పక్క నుంచి కారే నీరు కావచ్చు. దానికి విరేచనాలు కట్టే మాత్ర వేస్తే ఇంకా బిగుస్తుంది. మూడోది, రక్తం పడుతుంటే మొహమాటపడకుండా చూపించుకోవాలి.

ఎన్ని చేసినా కుదరనివారూ ఉంటారు. గొట్టంతో నీళ్లు పంపి కడిగే పద్ధతి ఉంది, నేర్చుకుని చేయాలి, ఖర్చు ఎక్కువ. పొట్ట మీద ద్వారం చేసి సంచి పెట్టే ఆపరేషన్ కూడా ఉంది. సంచి అనగానే అయ్యో పాపం అంటాం. ఏళ్ల తరబడి రోజుకు రెండు గంటలు ఈ పనికే పోయినవారు దాన్ని తామే కోరుకుని, ముందే చేయించుకుని ఉంటే బాగుండేదన్నవాళ్లున్నారు. విశ్వాసం తగ్గి ఆపరేషన్‌కు వెళ్లారని ఎవరైనా అంటే ఆ మాటను మేము ఒప్పుకోం. స్వస్థత కోసం మేము ప్రార్థిస్తూనే ఉంటాం, ఈ రాత్రి ఎనిమిదిన్నరకు బిళ్ల పెట్టుకోవడమూ జరుగుతూనే ఉండాలి.

డాక్టర్ మేరీ వర్గీస్ గురించి మనలో కొందరికి తెలుసు. 1954లో కారు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడింది. చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. పునరావాస వైద్యం చదువుకుని వచ్చి వేలూరులో ఆ పనిని నిలబెట్టారు, 1966లో అక్కడ పునరావాస కేంద్రం మొదలైంది. ఆమెను సాక్ష్యంగా చెప్పుకుంటాం గాని, అలాంటి కేంద్రాల్లో రోగికీ ఇంటివారికీ నేర్పే పాఠాల్లో మలమూత్రాల సంగతి ముందు వరసలో ఉంటుందని చెప్పుకోం. ఆ పాఠం లేకుండా కుర్చీ ఎక్కి ఊళ్లోకి వెళ్లడం జరగదు.

ఇక అభ్యంతరం సంగతి. మంగళవారం గృహకూటం రాత్రి ఎనిమిదికి ఉండేది. రోజు విడిచి రోజు కాబట్టి అతనికి వారం తప్పించి వారం ఆ వేళే అడ్డొచ్చేది. కూటాన్ని ఆరున్నరకు మార్చాం. ఒక మనిషి దొడ్డికి వెళ్లడం కోసం ప్రార్థన వేళ మార్చాలా అని సణిగినవారున్నారు. మార్చాలి. మార్కు సువార్త రెండో అధ్యాయంలో నలుగురు తమ స్నేహితుని కోసం ఇంటి కప్పు విప్పారు. ప్రభువు ఆ ఇంటి కప్పు గురించి ఒక్క మాట అనలేదు. మనం జరిపింది గంటన్నర. పొలం నుంచి ఆలస్యంగా వచ్చేవారికి ఇబ్బంది ఉందని తెలుసు. వాళ్ల కోసం శుక్రవారం కూటం ఎనిమిదికే ఉంచాం.

ఇంకొక మనవి. ప్రార్థన మనవుల్లో ఎవరి కడుపు సంగతీ పేరు పెట్టి చదవకండి, వాట్సాప్ గ్రూపులో అసలే పెట్టకండి. ఆరాధనలో వాసన వస్తే తల తిప్పి చూడకండి. అమ్మగారికో నాకో మెల్లగా చెబితే వెనక గది తాళం మా దగ్గరే ఉంటుంది. అందులో నీళ్లు, సబ్బు, రెండు లుంగీలు ఎప్పుడూ ఉంచుతున్నాం.

మందిరం వెనక మరుగుదొడ్డి తలుపులో చక్రాల కుర్చీ దూరదు. తలుపు వెడల్పు చేయించి, గడప తీయించి, గోడకు పట్టుకునే కడ్డీ పెట్టించే పని ఈ నెల కమిటీ ముందుకు తెస్తున్నాం. కడ్డీ ఏ ఎత్తులో ఉండాలని మేస్త్రీ అడిగాడు. కొలత తానే వచ్చి చెబుతానని తమ్ముడు అన్నాడు, వచ్చే శనివారం సాయంత్రం వస్తాడు.