పోయిన బంతి, చేతిలోని బంతి



క్రిస్మస్ సెలవులలో మన చిత్తూరు, తిరుపతి ప్రాంతపు పల్లెలలో యౌవనస్థులకు వాలీబాల్ పోటీలు పెట్టడం చాలా సంఘములలో ఉన్నదే. అలాంటి ఒక పోటీలో ఆఖరి సర్వీసు ఒక కుర్రవాడి చేతికి వచ్చింది. బంతి నెట్‌కు తగిలి క్రింద పడింది. ఆట పోయింది. ఇంటికి వస్తే నాయన, "ఊరి పరువంతా తీసేస్తివి గదరా" అన్నాడు. అవ్వ ఒక్కతే, "అన్నం తిను నాయనా, బంతి యాడికీ పోదు" అన్నది. కాని పిల్లవాని మనస్సులో నాయన మాటే నిలిచింది. నెలల తరబడి అతడు ఆటస్థలము వైపు పోలేదు. పదవ తరగతి పరీక్షలు దగ్గర పడినప్పుడు కూడా, "ఎంత చదివినా కడకు నేను చెడగొట్టేస్తాను" అనేవాడట. ఆ మాట మా చెవిని పడినందున ఈ నెల దీనిని గూర్చియే వ్రాస్తున్నాము.

గోల్ఫ్ అనే ఆటను మనలో చాలామంది చూచియుండరు. అయితే గోలీలాట తెలియని వారుండరు. గోలీని గుంటలో వేసినట్లే, గోల్ఫ్‌లో చిన్న బంతిని కర్రతో కొట్టి, దూరముననున్న గుంటలో పడవేయాలి. అలాంటి గుంటలు 18. ఎదుటివాడు బంతికి అడ్డు రాడు. బంతి కదలక నీ ఎదుటనే ఉంటుంది. కనుక తప్పితే నింద మోపడానికి మరొకడు లేడు. ఆట సుమారు నాలుగు గంటలు సాగుతుంది గాని, ఒక్కొక్క దెబ్బకు పట్టేది రెండు క్షణములే. మిగిలినదంతా నడకే. ఆ నడకలోనే తప్పిన దెబ్బ తలంపుకు వచ్చి మనిషిని తినివేస్తుంది. పరీక్ష కేంద్రానికి బస్సులో పోయే పిల్లవాని సంగతి కూడా ఇంతే కదా!

జర్మనీ దేశములోని ఒక పల్లెలో, ఇటుకల పని చేసే తాపీ మేస్త్రి కుమారుడు బెర్న్‌హార్డ్ లాంగర్. చిన్నతనములో ఇతరుల గోల్ఫ్ కర్రల సంచి మోసి ఆట నేర్చుకున్నాడు. 1985లో అమెరికాలో జరిగే గొప్ప మాస్టర్స్ పోటీ గెలిచాడు. కోరినదంతా చేతికి వచ్చినా లోపల వెలితి మిగిలింది. తోటి ఆటగాళ్ళ బైబిలు తరగతికి వెళ్ళి, అక్కడ ప్రభువును తెలిసికొన్నాడు.

అయినా కష్టములు తప్పలేదు. 1991లో యూరప్, అమెరికా జట్ల మధ్య రైడర్ కప్ పోటీ చివరి రోజున, చివరి ఆటలో, చివరి గుంట దగ్గర ఫలితమంతా అతని చేతిలో నిలిచింది. దూరము సుమారు ఆరు అడుగులు. బంతి గుంట ప్రక్కగా పోయింది. యూరప్ ఓడింది. లోకమంతా చూచింది. మరుసటి వారమే తన దేశములో జరిగిన పోటీలో, ఆఖరి గుంట దగ్గర అంతకు రెట్టింపుకన్న ఎక్కువ దూరమునుండి బంతి వేయవలసి వచ్చింది. వేశాడు, ఆ పోటీ గెలిచాడు. 1993లో ఈస్టరు ఆదివారమున మాస్టర్స్ రెండవసారి గెలిచాడు.

మన తెలుగు బిడ్డ పి.వి. సింధు సంగతి చూడండి. 2016 రియో ఒలింపిక్స్‌కు ముందు మూడు నెలలపాటు కోచ్ పుల్లెల గోపీచంద్ ఆమెకు ఫోను లేకుండా చేశారు. ఆమె వెండి పతకము తెచ్చింది. 2017లో ప్రపంచ పోటీల ఫైనల్‌లో 110 నిమిషములు పోరాడి ఒకుహారా చేతిలో ఓడింది. 2018లో మళ్ళీ ఫైనల్‌లో ఓడింది. ఫైనల్ అంటే సింధుకు భయమని జనం చెప్పుకున్నారు. 2019లో అదే ఒకుహారాను 21-7, 21-7తో ఓడించి ప్రపంచ విజేత అయింది.

వీరినుండి మన ఇండ్లకు మూడు సంగతులు నేర్చుకొనవచ్చును.

మొదటిది, ఒక క్రమము. మంచి గోల్ఫ్ ఆటగాడు ప్రతిసారి ఒకే విధముగా చేస్తాడు. బంతి వెనుక నిలిచి, గురి చూచి, నిదానముగా ఊపిరి తీసికొని, అప్పుడు కొడతాడు. భయము వచ్చిన రోజున ఆ అలవాటే చేతిని నిలుపుతుంది. మన పిల్లలు కూడా ప్రశ్నాపత్రము అందగానే కలము పట్టక, ఊపిరి తీసికొని, ఒకసారి పూర్తిగా చదివి, తెలిసినదానితో మొదలుపెట్టాలి. ఈ అలవాటు ఇంటిలోనే రావాలి.

రెండవది, తప్పును చూచి, సరిచేసికొని, విడిచిపెట్టడం. గుంట దగ్గర చేతులు అదిరే ఇబ్బంది లాంగర్‌ను ఎన్నోసార్లు బాధించింది. అతడు ప్రార్థించి ఊరకుండలేదు, కర్ర పట్టుకొనే విధమునే మార్చుకున్నాడు. ప్రార్థన చేస్తే బంతి గుంటలో పడునని వాక్యము ఎక్కడా చెప్పదు. పడకపోయినా మనము దేవుని బిడ్డలమే అని చెప్పుచున్నది. ఆ ధైర్యముతోనే మళ్ళీ ప్రయత్నించగలము.

మూడవది పెద్దలకు. ఓడి ఇంటికి వచ్చిన బిడ్డకు మొదట అన్నము పెట్టండి. తప్పును గూర్చి మరునాడు మాట్లాడవచ్చును. బొంకిన పేతురుకు తిబెరియ సముద్రతీరమున ప్రభువు మొదట భోజనము పెట్టెను, తరువాతనే ప్రశ్న అడిగెను. ఆ ప్రశ్నతోపాటు పని కూడా అప్పగించెను. అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీ సంఘమునకు వ్రాసిన పత్రిక మూడవ అధ్యాయములో తన పరుగును గూర్చి చెప్పిన మాటలు ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో చదువుకొనండి. సంఘమును హింసించిన గతము గలవాడు వ్రాసిన మాటలవి.

ఆ కుర్రవాడు మొన్న మళ్ళీ బంతి పట్టుకున్నాడని విన్నాము. గెలిచాడా అని మేము అడగలేదు.

ప్రభువు మీ బిడ్డలకు నిబ్బరమైన మనస్సును, మీ నాలుకకు మృదువైన మాటను దయచేయును గాక. ఆమేన్.