వకీలు సంతకమునకు ముందా, తరువాతనా?

మన వీథిలోని ఒక మగ్గపు ఇంటి కుర్రవాడు న్యాయశాస్త్రము చదివి చెన్నపట్టణములో ఒక పెద్ద న్యాయవాద సంస్థలో ఉద్యోగమునకు చేరినాడు. పొంగలి పండుగకు ఊరికి వచ్చినప్పుడు వాని మేనమామ నలుగురిలో అడిగెను: "ఏమిరా అల్లుడూ, ఏ కోర్టుకు పోతున్నావు?"

"కోర్టుకు ఇంకా పోలేదు మామా. రెండేండ్లుగా కాగితాలే చదువుతున్నాను" అని వాడు చెప్పగా అరుగు మీద ఉన్నవారందరు నవ్విరి. "వకీలట, కోర్టు గడప తొక్కలేదట!" అని ఒక పెద్దాయన ఆటపట్టించెను. నేనును నవ్వితిని. రాత్రి పడుకొన్న తరువాత మాత్రము నవ్వు రాలేదు. ఎందుకనగా, నేను కార్యదర్శిగా ఉన్న ఈ కాలములో మన సంఘము కోర్టులో ఓడి పోగొట్టుకొన్నది ఒక్క రూపాయియు లేదు. చదువక సంతకము చేసి పోగొట్టుకొన్నదే అంతయు.

నేత సోదరులారా, సోదరీమణులారా! ఆ కుర్రవాడు చేయు పని వంటి పనికే దేశములోని పెద్ద కంపెనీలు, బ్యాంకులు లక్షలకు లక్షలు ఫీజుగా చెల్లించుచున్నవి. వారేమియు వెర్రివారు కారు గదా. వారు ఆ డబ్బుతో కొనుచున్నది ఏమిటో తెలిసికొన్నచో, అందులో మనకు పనికివచ్చునది ఎంత కలదో తెలియును.

ఉదాహరణకు ఖైతాన్ అండ్ కో అను సంస్థను చూడుడు. దీనిని 1911లో కలకత్తాలో దేవీప్రసాద్ ఖైతాన్ గారు స్థాపించిరి. నేడు ముంబయి, ఢిల్లీ, బెంగుళూరు, చెన్నై మొదలగు నగరములలో దీనికి కార్యాలయములు కలవు. వెయ్యిమందికి పైబడి న్యాయవాదులు పనిచేయుచున్నారు. కంపెనీల కొనుగోళ్ళు, విలీనములు, బ్యాంకు ఋణములు, వాటాల జారీ వంటివి వీరి ముఖ్యమైన పనులు. ఈ దేవీప్రసాద్ గారే 1947 ఆగస్టు 29న ఏర్పడిన రాజ్యాంగ ముసాయిదా సంఘములోని ఏడుగురిలో ఒకరు. అంబేద్కర్ గారు అధ్యక్షులు. నెల్లూరు సీమలో పుట్టి, మద్రాసులో అడ్వకేటు జనరలుగా పేరుపొందిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ గారు మరియొక సభ్యులు. ఖైతాన్ గారు 1948లో, పని ముగియక ముందే, కాలధర్మము చెందిరి. ఆయన పెట్టిన కార్యాలయము మాత్రము నూరేండ్లు దాటి నడచుచున్నది. ఒక మనిషి తెలివి మీదనే నిలిచినదైతే ఇట్లు జరుగదు. అందుచేత దాని బలము వేరే చోట ఉండవలెను.

నాకు తోచినంతవరకు ఆ బలము నాలుగు విధములైనది.

మొదటిది, ముందుగా చదువుట. ఒక మిల్లు బ్యాంకు వద్ద పెద్ద అప్పు తీసికొనవలెనన్నచో, సంతకములకు ముందే ఆ భూమి ఎవరిది, దానిమీద పాత తాకట్టు కలదా, పన్ను బాకీ కలదా, అప్పు చేయుటకు పాలకవర్గము తీర్మానము సరిగా చేసినదా అని వకీళ్ళు ఒక్కొక్క కాగితమును వెదకి చూతురు. లోపము కనబడినచో అప్పుడే సరిచేయింతురు. మనము పడుగు చాచి, తెగిన పోగులు అతికి, గంజి పెట్టిన తరువాత గదా మగ్గమునకు ఎక్కింతుము! ఇదియు అట్టిదే.

రెండవది, పని పంచుకొనుట. భూమి పత్రములు చూచువారు వేరు, పన్నులు చూచువారు వేరు, బ్యాంకు ఒప్పందములు వ్రాయువారు వేరు. నూలు చుట్టువారు, ఆసు పోయువారు, నేయువారు కూడినప్పుడే మన ఇంట బట్ట తయారగుచున్నది. పూర్వము 1956 కంపెనీల చట్టము ప్రకారము ఒక భాగస్వామ్య సంస్థలో ఇరువది మందికి మించి భాగస్వాములు ఉండరాదు. 2008లో పరిమిత బాధ్యత భాగస్వామ్య చట్టము వచ్చిన పిమ్మట ఆ హద్దు అడ్డుకాలేదు. చేతులు కలిసినకొలది బలము పెరుగునని వకీళ్ళకు తెలిసినది. సహకారమని పేరు పెట్టుకొన్న మనకు ఆ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

మూడవది, వ్రాతలో నిలిచిన జ్ఞాపకము. ఒక ఒప్పందములో ఏ మాటవలన తగాదా వచ్చినదో వారు వ్రాసి ఉంచుకొని, మరుసటి ఒప్పందములో ఆ మాటను మార్చుదురు. మన సంఘములలో కార్యదర్శి మారినచో అతని అనుభవమంతయు అతనితోనే ఇంటికి పోవుచున్నది.

నాలుగవది, తేదీల మీద కన్ను. ఒక కంపెనీ తన ఆస్తిని తాకట్టు పెట్టినచో 30 దినములలో కంపెనీల రిజిస్ట్రారు వద్ద నమోదు చేయవలెనని 2013 కంపెనీల చట్టము చెప్పుచున్నది. గడువు దాటినచో అదనపు రుసుము పడును. అసలు నమోదే కానిచో, కంపెనీ మూతబడిన నాడు ఆ తాకట్టును తక్కిన అప్పులవారు లెక్కచేయనక్కరలేదు. కోట్ల రూపాయల భద్రత ఒక్క తేదీ మీద వ్రేలాడుచుండును. ఆ తేదీని మరువకుండుటకే ఒక మనిషిని పెట్టుకొందురు.

వీరిని పొగడుట నా ఉద్దేశము కాదు. వీరు ఎవరు ఫీజు ఇచ్చిన వారి పక్షము చూతురు. అది వారి వృత్తిధర్మము. మనము గట్టిగా గుర్తుంచుకొనవలసిన సంగతియు ఇదియే. మన సంఘము బ్యాంకు నుండి అప్పు తీసికొనునప్పుడు ఒక వకీలు మన పత్రములన్నియు చూచును. ఆయన ఫీజు తరచుగా మన ఖాతానుండియే పోవును. "వకీలు చూశారు గదా, ఇంకేమి భయం?" అని మనము సంతకము చేయుదుము. ఆయన చూచినది బ్యాంకు కొరకు! ఇచ్చిన అప్పు తిరిగి వచ్చునా అని చూచినాడే గాని, వాయిదా ఒక నెల తప్పినచో పాలకవర్గ సభ్యుల ఇండ్లకు ముప్పు కలదా అని మన తరఫున చూడలేదు. చూచుట ఆయన పనియు కాదు. పెద్ద కంపెనీ అప్పు తీసికొనునప్పుడు బ్యాంకుకొక వకీలు, కంపెనీకొక వకీలు ఎదురెదురుగా కూర్చుండి ఒక్కొక్క షరతును వాదించి తేల్చుకొందురు. మన బల్ల దగ్గర ఒక కుర్చీ ఎప్పుడును ఖాళీయే. పెద్దవారికిని మనకును గల భేదము ఆ కుర్చీయే.

నా తప్పునే చెప్పెదను. ఆరేండ్ల క్రిందట దూరపు నగరపు వర్తకుడొకడు మన సంఘమునకు దుప్పట్లు, తువ్వాళ్ళు పెద్ద ఎత్తున ఆర్డరు ఇచ్చెను. ఇంగ్లీషులో నాలుగు పుటల కాగితము పంపెను. నేను మెట్రిక్యులేషను చదివినవాడను. మొదటి పుటలోని ధర, సంఖ్య, తేదీ చదివితిని. తక్కినది అర్థము కాలేదని చెప్పుటకు సిగ్గుపడి సంతకము చేసితిని. సరకు తమ గిడ్డంగిలో పరీక్షించి ఒప్పుకొన్న తరువాతనే కొనుగోలు పూర్తియగునని మూడవ పుటలో ఉండెను. ఎన్ని దినములలో పరీక్షింపవలెనో ఎక్కడను లేదు. తగాదా వచ్చినచో వారి ఊరి కోర్టులోనే తేల్చుకొనవలెనని నాలుగవ పుటలో ఉండెను. సరకు పోయినది, డబ్బు రాలేదు. వ్రాసిన ఉత్తరములన్నిటికి "పరీక్ష జరుగుచున్నది" అని ఒకటే జవాబు. పదకొండు నెలల తరువాత, లోపములున్నవని కోత వేసి మిగిలినది పంపిరి. ఆ నడుమ దీపావళి వచ్చి పోయినది. కూలి అందని ఇండ్లలో ఆ పండుగ ఎట్లు గడచినదో మీకు చెప్పనక్కరలేదు.

అప్పుడు ఒక సభ్యురాలు, భర్త పోయి ఒక్క మగ్గముతో ఇద్దరు బిడ్డలను పెంచుకొనుచున్న ఆమె, ఆఫీసుకు వచ్చి నన్ను అడిగినది: "అన్నా, పడుగు సరిచూడకుండా నేను మగ్గంలో కూర్చోను గదా. నువ్వు చూడకుండా ఎట్లా సంతకం పెడితివి?" నావద్ద జవాబు లేకపోయెను. ఈ వ్యాసము ఆమెకు నేను ఆలస్యముగ ఇచ్చుచున్న జవాబు.

ఆ తరువాత తెలిసికొన్నది మరింత బాధ కలిగించినది. చట్టము మన పక్షముననే ఉండెను! 2006లో వచ్చిన సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టము ప్రకారము, సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుండి సరకు కొన్నవారు ఒప్పుకొన్న తేదీకి డబ్బు చెల్లించవలెను. ఆ తేదీ ఎట్టి పరిస్థితిలోను 45 దినములు మించరాదు. ఒప్పందములో తేదీ లేనిచో 15 దినములే గడువు. తప్పినచో రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటునకు మూడు రెట్ల వడ్డీని, నెల నెలా అసలులో కలుపుచు, చెల్లించవలెను. సరఫరాదారు అను మాటకు ఆ చట్టము ఇచ్చిన అర్థములో, ఇట్టి పరిశ్రమల సరకును అమ్ము సహకార సంఘము పేరు కూడ స్పష్టముగ కలదు. తగాదాను పరిష్కార మండలికి తీసికొనిపోవచ్చును. తమిళనాడులో మనకు దగ్గరగా మధురలోనే ఒకటి కలదు. మండలి తీర్పును కొట్టివేయుమని కోర్టుకు పోదలచిన కొనుగోలుదారు ముందుగా తీర్పు మొత్తములో నూటికి 75 వంతులు కట్టవలెను.

ఇంకొకటి కూడ కలదు. 2023 ఆర్థిక చట్టము ఆదాయపు పన్ను నిబంధనలను సవరించినది. దాని ప్రకారము 2024 ఏప్రిల్ 1 నుండి, ఇట్టి చిన్న పరిశ్రమలకు గడువులోపల డబ్బు చెల్లించని వర్తకుడు, ఆ మొత్తమును నిజముగ చెల్లించిన సంవత్సరములోనే ఖర్చుగా చూపుకొనవలెను. అనగా మన డబ్బు ఆపినచో అతని పన్ను పెరుగును.

అయితే ఈ హక్కులు అడుగుటకు ఉద్యమ్ రిజిస్ట్రేషను ఉండవలెను. అదియు సరకు పంపుటకు ముందే చేయించుకొని ఉండుట క్షేమము. దీనికి రుసుము లేదు. ఆనాడు మనకది లేదు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నట్లు, మేము తరువాత చేయించితిమి.

కావున నా అభిప్రాయము ఇది. ఖైతాన్ వంటి సంస్థను పెట్టుకొను తాహతు మనకు లేదు, అవసరమును లేదు. వారి పద్ధతి మాత్రము ఎవరి సొత్తును కాదు. మన రాజపాళయము చుట్టుపట్ల గల సంఘములు ఐదారు కలిసి, సహకార శాఖ అనుమతి కావలసినచోట అడిగి, ఒక మంచి న్యాయవాదిని సంవత్సర ఫీజు మీద నియమించుకొనవలెను. కోర్టులో వాదించుటకు కాదు. సంతకమునకు ముందు చదివి, మనకు తెలుగులోనో తమిళములోనో అర్థము చెప్పుటకు. దానితోపాటు ప్రతి సంఘమును నాలుగు నియమములు పాటించవలెను. కాగితము వచ్చిన దినముననే సంతకము చేయరాదు. ప్రతి ఆర్డరులోను సరకు పరీక్షకు గడువు, డబ్బు చెల్లింపునకు తేదీ వ్రాయించవలెను. ఉద్యమ్ సంఖ్యను ప్రతి బిల్లు మీద అచ్చువేయవలెను. గడువు తేదీలన్నియు ఒక పుస్తకములో వ్రాసి, ప్రతి సమావేశములో చదివి వినిపించవలెను.

"ఖర్చు ఎవరు భరింతురు?" అని అడుగుదురు. ఆరు సంఘములు పంచుకొన్న ఫీజును, ఒక్క ఆర్డరులో మేము పోగొట్టుకొన్న కోతతో సరిపోల్చి చూడుడు. "ఇన్ని షరతులు పెడితే వర్తకుడు వేరే ఊరికి పోతాడు" అని మరికొందరు అందురు. ఈ మాటలో కొంత నిజము కలదు. కొందరు పోవుదురు కూడ. కాని తేదీ వ్రాయుటకే ఒప్పుకొననివాడు ఆ తేదీకి డబ్బు ఇచ్చునని ఎట్లు నమ్ముదుము? తరతరాల పరిచయముగల మంచి వర్తకులు వ్రాతకు వెనుకాడరు. వ్రాత ఇద్దరికిని కాపుదలయే.

అప్పటికిని తగాదా వచ్చి, విడిగా వకీలును పెట్టుకొనలేని కుటుంబములకు 1987 న్యాయ సేవల అధికార సంస్థల చట్టము క్రింద ఉచిత సహాయము దొరకును. స్త్రీలకు ఇందులో ఆదాయ పరిమితి లేదు. జిల్లా న్యాయ సేవల సంస్థకు అర్జీ పెట్టుటకు మన సోదరీమణులు సంకోచింపనక్కరలేదు.

మన ఊరిలో పి.ఎ.సి. రామస్వామి రాజా గారు రాజపాళయం మిల్సును 1936లో స్థాపించిరి. ఏ కంపెనీయైనను మొదట పుట్టునది కాగితము మీదనే. నిబంధనలు వ్రాసి రిజిస్టరు చేసిన తరువాతనే యంత్రములు వచ్చును. మిల్లు నీడలో బ్రతుకుచున్న మనము మిల్లుతో బలములో పోటీపడలేము. కాగితము చదువుటలో పోటీపడవచ్చును.

వచ్చే సర్వసభ్య సమావేశములో ఉమ్మడి న్యాయవాది నియామకమును గూర్చి తీర్మానము ప్రవేశపెట్టదలచితిని. తక్కిన సంఘముల కార్యదర్శులును, సభ్యులును తమ అభిప్రాయములను ఈ పత్రికకు వ్రాయ ప్రార్థన. పండుగకు వచ్చిన ఆ కుర్రవానికి కూడ జాబు వ్రాసితిని. ఈసారి వచ్చినప్పుడు మన సంఘపు పాత ఒప్పందములను ఒకమారు చదివి పెట్టుమని కోరితిని. "తప్పక చదువుతాను మామా" అని జవాబు వచ్చినది. ఇప్పుడు మా అరుగు మీద ఎవరును నవ్వుట లేదు.