మావటివాని కుమారుడు

అమెరికా దేశమున లాస్ ఏంజెల్సు నగరపు కొండవాలున, ఫారెస్టు లాన్ అను శ్మశానవాటికయందు, ప్రఖ్యాతులైన నటీనటుల సమాధుల నడుమ, మైసూరు సంస్థానమున బుట్టిన యొక మావటివాని కుమారుని సమాధి కలదు. అతని పేరు సాబు. నలువది యేండ్లు నిండకముందే, 1963 డిసెంబరు 2వ తేదీన, గుండెజబ్బు అతనిని హఠాత్తుగా కొనిపోయినది. అంతకు మూడేండ్లకు ముందే హాలీవుడ్డు రాజవీధిలో నటుల పేర్లు చెక్కిన నక్షత్రములలో అతనికొక నక్షత్రము దక్కినది. అమెరికావా రతనిని తమ నటునిగా లెక్కించుకొనిరి. మన మతనిని ఏమని లెక్కించుకొంటిమి? ఈ ప్రశ్నకు మన దేశమున నేటికిని సరియైన ప్రత్యుత్తరము వచ్చినట్లు మాకు తోచదు.

2023లో "నాటు నాటు" పాటకు ఆస్కారు బహుమానము వచ్చినపుడు తెలుగువారి యిండ్లలో పండుగ జరిగినది. మాకును సంతోషమే. ఆ సంతోషమునందే మాకు సాబు జ్ఞప్తికి వచ్చెను. అప్పటికి 86 ఏండ్లకు ముందు, 1937లో, పదుమూడేండ్ల భారతీయ బాలుడొకడు లండనులోను న్యూయార్కులోను ప్రేక్షకుల మనస్సులను చూఱగొనియున్నాడు. మఱి యా పేరు మనలో నెందఱికి తెలియును?

సాబు 1924 జనవరి 27న కారాపురమున జన్మించెను. కబినీ నదీతీరమున, అడవియంచున ఉన్న గ్రామమది. అడవియేనుగుల మందలను చుట్టుముట్టి దొడ్లలోనికి తోలి పట్టు ఖెడ్డాలకు ఆ ప్రాంతము లోకప్రసిద్ధము. తండ్రి మహారాజావారి కొలువున మావటివాడు. కుమారుని బాల్యముననే గతించెను. పిమ్మట బాలునకు సంస్థానపు గజశాలయే యిల్లైనది. 1935లో రాబర్టు ఫ్లాహర్టీ అను అమెరికను చిత్రకర్త మైసూరు వచ్చెను. ఉత్తరపు మంచుదేశములలోని వేటకాండ్రను గూర్చి 1922లో "నానూక్" చిత్రము తీసి పేరుగాంచినవాడితడు. కిప్లింగు వ్రాసిన తూమాయి కథను తెఱకెక్కింపవలెనని వచ్చి, ఏనుగుమీద భయమెఱుగక కూర్చుండగల బాలునికై వెదకుచు, గజశాలలో సాబును గనుగొనిరి.

"ఎలిఫెంట్ బాయ్" చిత్రమును నేడు చూచువారికి అది ఒక చిత్రము గాదు, రెండు చిత్రములని తోచును. ఫ్లాహర్టీ మైసూరులో నెలల తరబడి తీసిన అడవి, నది, ఏనుగుల మంద ఒకటి. నిర్మాత యగు అలెగ్జాండరు కోర్డాకు ఓరిమి తఱిగిపోగా, అతని తమ్ముడు జోల్టాను లండను సమీపమున డెన్హాము స్టూడియోలో అతికించిన సంభాషణల కథ రెండవది. ఈ రెంటిని కలిపి పట్టియుంచినది ఆ బాలుని ముఖమే. కథలోని కాలనాగుగా నటించినది మైసూరు సంస్థానపు ఐరావత మను ఏనుగు. ఆ మహాగజము ప్రక్కన సాబు నిలుచున్నపుడు అది నటన యని యెవరును అనలేరు. తండ్రితాతల విద్య అది. ఆ యేట వెనీసు చలనచిత్రోత్సవమున దర్శకులిరువురకును బహుమానము లభించినది. ఏనుగును గాని బాలుని గాని ఎవరును సన్మానింపలేదు.

ఇచ్చట పేరును గూర్చి యొక మాట. తెఱమీద ప్రకటనలలో అతనిని "సాబు" అని మాత్రమే వేసిరి. పుస్తకములలో సాబు దస్తగీరని యున్నను, ఆ దస్తగీరు అతని యన్నగారి పేరని చెప్పుదురు. ఇంటిపేరు లేదు, తండ్రిపేరు లేదు. మన పల్లెలలో మహమ్మదీయ సోదరుని సాయిబూ యని కేకవేయునట్టి పిలుపువలె నున్నదే గాని పేరువలె లేదు. సహనటుల కందఱకును రెండేసి పేర్లుండగా, ఇతనికి మాత్రము, ఏనుగునకు వలె, ఒక్కటి చాలుననుకొనిరి కాబోలు.

పిమ్మట వచ్చినది 1938 నాటి "ది డ్రమ్". మేమీ వ్యాసము వ్రాయుటకు ముఖ్యకారణము ఈ చిత్రమే. వాయవ్య సరిహద్దుననున్న ఒక చిన్న రాజ్యము. దుష్టుడగు పినతండ్రి రాజును చంపి ఆంగ్లేయులపై కుట్ర పన్నును. బాలరాజు అజీము డోలు మ్రోగించి ఆంగ్ల సైనికులను హెచ్చరించి కాపాడును. ఆంగ్లేయునకు మిత్రుడైన భారతీయుడు సజ్జనుడు, శత్రువైనవాడు రాక్షసుడు! సాబు ఆ బాలరాజు. ఆ యేడే బొంబాయిలో ఈ చిత్రమునకు విరుద్ధముగా జనము వీధులకెక్కినది. బాబూరావు పటేలుగారి "ఫిల్మిండియా" నిప్పులు చెఱిగినది. మదరాసునను నిరసనలు జరిగినవి. చిత్రమును తొలగింపక తప్పినది కాదు. మన గుడవల్లి రామబ్రహ్మముగారు "మాలపిల్ల"ను వెలువరించిన సంవత్సరమే అది. తెఱ యనునది జాతిని నిలువబెట్టుటకును జాతిని క్రుంగదీయుటకును గూడ సాధనము కాగలదని దేశము గ్రహించిన కాలము. ఆ నిరసన సర్వవిధముల న్యాయమైనదని మేము నిస్సంశయముగా చెప్పుచున్నాము. పరిపాలకుడు తుపాకితో జయించినదానిని చిత్రముతో సమర్థించుకొనజూచినపుడు ఊరకుండిన జాతి జాతియే కాదు.

అయినను, ఆ చిత్రముమీద నెత్తిన చేయి ఆ బాలునిమీద గూడ పడినది. సామ్రాజ్యమునకు డోలు వాయించినవాడను పేరు అతనిని అంటుకొనినది. మేమడుగునది ఒక్కటే: పదునాలుగేండ్ల అనాథ బాలుడు, దేశముగాని దేశమున, తనకు తిండిపెట్టి బడిలో వేసిన నిర్మాత ఇచ్చిన వేషమును కాదనగలడా? దీనికి సమాధానము మఱియొక నటుని చరిత్రలో ఉన్నది. నీగ్రో జాతి మహాగాయకుడు పాల్ రోబ్సన్ 1935లో ఈ కోర్డా సోదరుల చేతనే "శాండర్స్ ఆఫ్ ది రివర్" అను చిత్రమున నటించెను. కొలంబియా విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రము చదివిన పట్టభద్రుడు, పలుభాషలు నేర్చినవాడు, వయస్సు ముప్పది దాటినవాడు. ఆఫ్రికా సంస్కృతికి గౌరవము దెచ్చు చిత్రమని నమ్మి నటించెను. పూర్తియైన పిమ్మట అది తెల్లదొర యేలుబడికి స్తోత్రపాఠముగా మాఱియుండుట చూచి ఆగ్రహించి, ఆ చిత్రమును బహిరంగముగా నిరాకరించెను. అంతటి ప్రజ్ఞావంతుడే మోసపోయినచోట, గజశాలనుండి వచ్చిన పసివానిపై నేరము మోపుట ధర్మమా? రోబ్సనుకు తన మాట చెప్పుకొనుటకు వేదిక యున్నది, వినుటకు జాతి యున్నది. సాబుకు రెండును లేవు.

తరువాతి కథ అమెరికాది. 1940 నాటి "థీఫ్ ఆఫ్ బాగ్దాద్" ఇంగ్లండున మొదలై, యుద్ధము వచ్చుటచే హాలీవుడ్డున ముగిసినది. మూడు ఆస్కారులు పొందినది. ఇందు దొంగపిల్లవాడు అబూ సాబు; సీసాలోనుండి వెలువడు భూతము రెక్స్ ఇంగ్రామ్ అను నీగ్రో నటుడు. చిత్రమునకు ప్రాణము వీరిరువురే. కాని రాజకుమారి దక్కినది జాన్ జస్టిన్ అను ఆంగ్లేయుడు ధరించిన రాజునకు. అబూను బడికి బంపి మంత్రిని చేసెదనని రాజు ప్రకటింపగా, బాలుడు మాయతివాచీ యెక్కి ఆకాశమున నెగిరిపోవును. ప్రేక్షకులు చప్పట్లు కొట్టుదురు. మాకును ఆ దృశ్యము మిక్కిలి ప్రియము. చూచిన ప్రతిసారియు నవ్వుకొందుము. పిదప 1942 నాటి "జంగిల్ బుక్" చూచితిమి. అందు మౌగ్లీ వేషము సాబుది. అతడును మనుష్యుల యూరిని విడిచి అడవిలోనికి పోవును. అపుడు మాకు వేఱొక తలంపు గలిగినది. ఈ బాలునికి ఏ కథలోను ఇల్లేల లేదు? ఆకాశమున కెగిరినను అడవిలోనికి నడిచినను, కథ ముగియునప్పటికి అతడు పదిమంది కూర్చున్న పంక్తిలో ఉండడు.

యూనివర్సలు సంస్థవారు ఈ సూత్రమును యంత్రమువలె నడిపించిరి. 1942 "అరేబియన్ నైట్స్" మొదలు 1944 "కోబ్రా ఉమన్" వఱకు కథానాయకుడు జాన్ హాల్, నాయిక మరియా మాంటెజ్, వెంట నడుచు చెలికాడు సాబు. తూర్పుదేశపు కథలలో తూర్పువాడు పరివారమున నిలువగా, పడమటివాడు పాగా చుట్టి పీఠమెక్కెను. 1947 నాటి "బ్లాక్ నార్సిసస్" కళారీత్యా ఉత్తమచిత్రము. హిమాలయములను ఇంగ్లండునందలి స్టూడియోలో నిర్మించి చూపిరి. అందు యువరాజు వేషధారియగు సాబు తప్ప ముఖ్యపాత్రలలో భారతీయుడు లేడు. అతని ప్రియురాలగు భారతీయ కన్య సయితము ముఖమునకు రంగు పూసికొన్న జీన్ సిమ్మన్స్ అను ఆంగ్లబాలిక. నిజమైన భారతీయునికి కూడ రంగుపూత భారతీయురాలే దొరకినది.

యుద్ధకాలమున సాబు అమెరికా వైమానికసేనలో చేరెను. బి-24 బాంబరు విమానపు తోకలో తుపాకి పట్టుకొని, పసిఫిక్ సముద్రముపై పెక్కు దాడులలో పాల్గొని, విశిష్ట వైమానిక పతకమును పొందెను. 1944లో అమెరికా పౌరుడాయెను. ఆ దేశ శాసనమును గుర్తుంచుకొన్నగాని ఈ విషయమునందలి వింత బోధపడదు. 1923లో అమెరికా సుప్రీముకోర్టు భగత్ సింగ్ థిండ్ వ్యాజ్యమున భారతీయులు పౌరసత్వమున కర్హులు గారని తీర్పు చెప్పెను. ఆ థిండును మొదటి మహాయుద్ధమున అమెరికా సేనలో పనిచేసినవాడే. భారతీయులకు పౌరసత్వద్వారము తెఱచిన చట్టము 1946లో గాని రాలేదు. అదియు ఏటికి నూఱుమందిని రానిచ్చుటతో సరిపెట్టినది. సాబు విమానపు తోకలో కూర్చుండి ఎవరికొఱకు పోరాడెనో, వారి శాసనమున అతని జాతివారు అప్పటికి అంటరానివారే.

యుద్ధానంతరము అతని వెలుగు తగ్గినది. బాలుడు పెద్దవాడైనాడు, పెద్దవాడైన భారతీయునకు హాలీవుడ్డులో వేషము లేదు. ఐరోపాలో కొన్ని చిత్రములు, ఇంగ్లండున సర్కసులో ఏనుగులతో ప్రదర్శనలు. ముప్పదియేండ్లకు సమీపించిన, పతకము పొందిన యోధుడు మరల ఏనుగు ప్రక్కన!

మన దేశము అతనిని పిలిచినది ఒక్కసారి. మెహబూబ్ ఖానుగారు "మదర్ ఇండియా"లో బిర్జూ వేషమునకు సాబును కోరిరి. బిర్జూ ఎవరు? వడ్డీవ్యాపారి దౌర్జన్యమునకు లోబడక ఎదురు తిరిగి, తల్లి చేతనే మరణించు రైతుబిడ్డ. ఇంటిని, తల్లిని, కోపమును గల మనుష్యుని వేషము. జీవితమంతయు అతనికి ఎవరును ఇయ్యని వేషము అది. కాని విదేశీయుడగుటచే ఇచ్చట పనిచేయుటకు అనుమతి లభింపలేదని చిత్రచరిత్రకారులు వ్రాసియున్నారు. సునీల్ దత్తుగారు ఆ పాత్రను ధరించి కీర్తి గడించిరి. 1957లో చిత్రము విడుదలైనది. సాబు మరణించువఱకు భారతీయ చిత్రమొక్కటియు చేయలేదు. శాసనము శాసనమే, అమెరికా పౌరుడు అమెరికా పౌరుడే. ఆ మాటను మేము కాదనము. కాని కారాపురపు మావటివాని కుమారుడు భారతభూమిపై ఒక భారతీయ రైతు వేషము వేయుటకు పరదేశీయుడైనాడని తలంచుకొన్నపుడు మా మనస్సు చివుక్కుమనుచున్నది.

హాలీవుడ్డున వెలిగిన మొదటి భారతీయుడని అతనిని ఊరేగింపుమని మేము కోరుట లేదు. ఆ గర్వము చౌక గర్వము. అతని కిచ్చిన వేషములను చూచినవారికి అది నిలువదు. సామ్రాజ్యపు బంటు అని త్రోసివేయుటయు అంతే చౌక. "ది డ్రమ్"ను మన చలనచిత్ర విద్యాలయములలో చూపుదురు గాక. దానిపై మనవారు చేసిన నిరసనను బోధింతురు గాక. దానితోబాటు ఆ డోలు వాయించిన బాలుడెవరో, ఎచ్చటినుండి వచ్చెనో గూడ చెప్పవలెను. నేడును మనవారికి పడమటినుండి పిలుపు వచ్చినపుడు మన పత్రికలు పారితోషిక మెంతయని వ్రాయుటకు ముందు, వేషమేమి, దానిని వ్రాసినదెవరు, కథ ముగియునప్పటికి ఆ మనిషి యెచ్చట నిలిచియుండునని అడుగవలెను.

సాబు కుమారుడు పాల్ అమెరికాలో సంగీతకారుడైనాడు. కుమార్తె జాస్మిన్ చలనచిత్రములకొఱకు జంతువులకు శిక్షణ నిచ్చు వృత్తిని అవలంబించినది. తాతగారి విద్య సముద్రములు దాటియు పోలేదు. సాబు నటించిన కడపటి చిత్రము "ఎ టైగర్ వాక్స్" అతడు పోయిన పిమ్మట 1964లో వెలువడినది. అందును అతని ప్రక్కన ఒక పులి.

కారాపురమున ఖెడ్డాలు ఆగిపోయి అర్ధశతాబ్దము దాటినది. మహారాజావారి వేటబంగళా ఇపుడు యాత్రికుల విడిది. అడవియేనుగులను చూచుటకు దూరదేశములనుండి జనులు వచ్చుచున్నారు. మన తెలుగు ప్రాంతములనుండియు సెలవులలో కుటుంబములతో అచ్చటికి పోవుదురు. పోవువారు అచ్చటి మావటీలను సాబు పుట్టిన ఇల్లెచ్చటనని యొకమాఱు అడుగవలెనని మా కోరిక.